పదవ తరగతి పిమ్మట విజ్ఞానశాస్త్ర విద్య



ప్రతి సంవత్సరము వేసవిలో, పదవ తరగతి ఫలితములు వెలువడిన వారమునందు, జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతములలో ఏ ఇంటికి పోయినను ఒకే ప్రశ్న వినవచ్చును: "పిల్లవానిని ఎందులో చేర్పింపవలెను?" సమాధానము చెప్పువారికి కొదువ ఉండదు. పొరుగింటివారి అబ్బాయి ఎం.పి.సి. చదివి హైదరాబాదులో ఉద్యోగము చేయుచున్నాడు గనుక ఎం.పి.సి. మేలని ఒకరందురు. ఆడపిల్ల గనుక బై.పి.సి. చాలునని మరొకరందురు. లెక్కలు రానివారు బై.పి.సి.కి, బొమ్మలు వేయరానివారు ఎం.పి.సి.కి పోవలెనని వేరొకరు సూత్రము చెప్పుదురు. పదునైదేండ్ల బిడ్డ మాత్రము మాటలాడక నిలుచుండును. జీవితమంతయు ఆ దారిని నడువవలసినది ఆ బిడ్డ. దారి చూపువారు ఇతరులు.

ఈ ప్రసంగమున ఏ దారి ఉత్తమమో నిర్ణయించుట నా ఉద్దేశము కాదు. ఏ దారిలో ఏమి నేర్పుదురు, ఏ తలుపు తెరచుకొనును, ఏ తలుపు మూసికొనును, ఆ విద్య మన ప్రాంతమున ఎంతవరకు లభించుచున్నది అను విషయములను మాత్రమే మనవి చేసెదను. ఇవి తెలియక చేసిన నిర్ణయము ఎంత ప్రేమతో చేసినదైనను బిడ్డకు బరువే అగును.

ఈ ఎంపిక మన పెద్దలకు ఇంత సులువుగా లభింపలేదు. నిజాము పాలనలో ఉన్నత పాఠశాలలు అరుదు. బోధన ఉర్దూలో జరిగెడిది. 1918లో స్థాపింపబడిన ఉస్మానియా విశ్వవిద్యాలయము భౌతిక రసాయన శాస్త్రములను సైతము ఉర్దూలో బోధించినది. ఆ పాఠ్యగ్రంథముల కొరకు 1917లోనే ఒక అనువాద సంస్థ ఏర్పడినది. ఒక భారతీయ భాషలో ఉన్నత విజ్ఞానవిద్య సాధ్యమే అని చూపిన గొప్ప ప్రయత్నమది. కాని ఇంట తెలుగు మాటలాడు పిల్లవానికి బడి భాష వేరుగనే ఉండెను. సిరిసిల్ల చేరువనున్న హనుమాజీపేటలో 1931లో జన్మించిన డాక్టరు సి. నారాయణరెడ్డి అంతటి తెలుగు కవియు బడిచదువును ఉర్దూ మాధ్యమముననే సాగించిరి.

స్వాతంత్ర్యానంతరము 1952-53లో లక్ష్మణస్వామి మొదలియారు అధ్యక్షతన పనిచేసిన మాధ్యమిక విద్యా సంఘము బహుళార్థసాధక పాఠశాలలను సూచించినది. ఆ పద్ధతిలో విజ్ఞానశాస్త్రము, సాంకేతిక విద్య, వ్యవసాయము, వాణిజ్యము, గృహవిజ్ఞానము వంటి శాఖలలో ఒకదానిని విద్యార్థి ఉన్నత పాఠశాల దశలోనే ఎన్నుకొనవలెను. అనగా విజ్ఞానశాస్త్రమును ప్రత్యేక శాఖగా చదువుట కోరినవారికి మాత్రమే దక్కెడిది. 1964-66 నడుమ పనిచేసిన కొఠారీ సంఘము దీనిని మార్చినది. దాని అధ్యక్షులు దౌలత్ సింగ్ కొఠారీ స్వయముగా భౌతికశాస్త్రవేత్త. పదవ తరగతి వరకు గణితము, విజ్ఞానశాస్త్రము ప్రతి విద్యార్థియు చదువవలెనని ఆ సంఘము చెప్పినది. మన రాష్ట్రమున 1969-70లో రెండేండ్ల ఇంటర్మీడియటు విద్య మొదలైనది. 1968లో వంగర గ్రామమునకు చెందిన పి.వి. నరసింహారావు అధ్యక్షులుగా ఏర్పడిన తెలుగు అకాడమి, ఆ తరగతులకు భౌతిక, రసాయన, వృక్ష, జంతుశాస్త్ర గ్రంథములను తెలుగులో సమకూర్చినది.

ఈ చరిత్ర వలన తేలిన సారము ఒకటి కలదు. నేడు పదవ తరగతి ముగించిన ప్రతి విద్యార్థియు, ఆడపిల్ల గాని మగపిల్లవాడు గాని, భౌతిక రసాయనశాస్త్రముల పుస్తకమును, జీవశాస్త్ర పుస్తకమును రెంటిని చదివియే ఉండును. కనుక ఎంపిక చేయుటకు కావలసిన మొదటి సాక్ష్యము బిడ్డ చేతిలోనే ఉన్నది. ఏ పాఠము చదువుచుండగా పొద్దు తెలియలేదు? ఏ ప్రశ్నను గురువు అడుగకుండగనే తాను అడిగినది? పొరుగింటివారి సలహాకన్న ఈ రెండు ప్రశ్నలు విలువైనవి.

పాఠములనగా పుస్తకములోని బొమ్మలు, సూత్రములు మాత్రమే అని అనుకొనరాదు. మన మూడు పట్టణములును ఆ పుస్తకములోనే ఉన్నవి. కొన్ని ఉదాహరణములు మనవి చేసెదను.

కోరుట్ల ప్రాంతమున పసుపు పంట ప్రసిద్ధము. పసుపులో సున్నము కలిపినచో ఎర్రనగునని, అదియే పారాణి అని మన ఇండ్లలో తెలియనివారు లేరు. ఎందుకు ఎర్రనగును? పసుపులోని కర్కుమిన్ అను పదార్థము ఆమ్లమునందు పసుపుగా ఉండి, క్షారమునందు ఎరుపునకు తిరుగును. ఆ ఎర్రని ముద్దపై నిమ్మరసము చాలినంత పిండినచో మరల పసుపువన్నె వచ్చును. ఆమ్లములు, క్షారములు, సూచికలు అను పాఠమంతయు ఈ చిటికెడు పసుపులో ఇమిడియున్నది.

సిరిసిల్లలో సాంచా నడచుట చూడని పిల్లవాడుండడు. మోటారు గుండ్రముగా తిరుగును. కాని బట్టనేత ముందు వెనుకల కదలికతో సాగును. ఆ తిరుగుడును ఈ ఊగుడుగా మార్చునది వంకర ఇరుసు. అది ఒక చుట్టు తిరిగినపుడు పేకపోగు ఒకటి పడును. నాడె ఒకసారి కుడినుండి, మరొకసారి ఎడమనుండి పోవలెను గనుక, నాడెను తోయు క్రింది ఇరుసు మొదటిదానికి సరిగా సగము వేగముతో తిరుగవలెను. కనుక దాని పళ్లచక్రమునకు రెట్టింపు పళ్లుండవలెను. గణితములోని నిష్పత్తి, భౌతికశాస్త్రములోని చలనము, రెండును ఆ చప్పుడులోనే వినవచ్చును.

జగిత్యాల దాపున పొలాసలో ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానము కలదు. అక్కడ రూపొందిన వరి వంగడము "జగిత్యాల సన్నాలు" ఈ ప్రాంతపు రైతులకు సుపరిచితము. దాని పుట్టుక వినదగినది. బాపట్లలో రూపొందిన సాంబ మసూరికి సన్నని, రుచిగల గింజ ఉన్నది. కాని ఉల్లికోడునకు అది లొంగిపోవును. ఉల్లికోడు పురుగు పిలక మొదలున చేరి తినగా, ఆ పిలక వెన్ను వేయక ఉల్లికాడవలె గొట్టమై పోవును. వరంగల్లున రూపొందిన కావ్య అను రకము ఆ పురుగును తట్టుకొనును. ఈ రెంటిని సంకరపరచి, తరము వెంట తరము పండించి, తల్లి సన్నదనమును తండ్రి నిబ్బరమును కలసివచ్చిన మొక్కలను ఏరి స్థిరపరచిరి. 1866లో మెండెల్ బఠానీ మొక్కలపై ప్రకటించిన సూత్రములే పొలాస మడులలో అన్నముగా మారినవి. పదవ తరగతి జీవశాస్త్రములోని అనువంశికత పాఠము ఇదియే.

మరియొక ముచ్చట. వరి గింజలోని పిండిపదార్థము, పశువు తిను గడ్డి, సిరిసిల్లలో నేయు నూలుపోగు, ఈ మూడును చాలవరకు గ్లూకోజు అను ఒకే పదార్థపు గొలుసులతో ఏర్పడినవే. గొలుసులోని కొక్కెములు కలిసిన తీరు మాత్రమే భేదము. ఆ చిన్న భేదము వలననే మనము అన్నము అరిగించుకొందుము గాని గడ్డిని అరిగించుకొనలేము. బఱ్ఱె అరిగించుకొనగలుగుటకు దాని మొదటి పొట్టలో నివసించు సూక్ష్మజీవులు కారణము. నూలు పడుగునకు గంజి అంత చక్కగా అంటుటకును ఆ చుట్టరికమే కారణము. పాలియెస్టరు పోగు జాతి వేరు గనుక నూలుకు పట్టిన రంగు దానికి పట్టదు. జగిత్యాల మడి, కోరుట్ల పశువుల కొట్టము, సిరిసిల్ల కార్ఖానా ఒకే రసాయన పాఠములోని మూడు పుటలని చెప్పిన అతిశయోక్తి కాదు.

ఇక దారులను చూతము.

మొదటిది ఇంటర్మీడియటు. మూడు పట్టణములలోను ప్రభుత్వ జూనియరు కళాశాలలు కలవు. ఎం.పి.సి.లో గణితము, భౌతికశాస్త్రము, రసాయనశాస్త్రము, బై.పి.సి.లో వృక్షశాస్త్రము, జంతుశాస్త్రము, వానితోపాటు అవే భౌతిక, రసాయనశాస్త్రములు. "లెక్కలు తప్పించుకొనుటకు బై.పి.సి." అనువారు ఈ సంగతిని మరతురు. భౌతికశాస్త్రము రెండింటను ఉన్నది. అందులో లెక్కలు లేక అడుగు సాగదు. అటులనే "బట్టీపట్టుట ఇష్టము లేదు గనుక ఎం.పి.సి." అనువారును రసాయనశాస్త్రమును తప్పించుకొనలేరు.

తలుపుల సంగతి స్పష్టముగా తెలిసికొనవలెను. ఎం.పి.సి. చదివినవారికి ఇంజనీరింగు శాఖలు, గణిత భౌతికశాస్త్రములలో పట్టపు చదువులు తెరచియుండును. కాని వైద్యము, పశువైద్యము, వ్యవసాయశాస్త్ర పట్టము ఆ దారిన నేరుగా రావు. బై.పి.సి. చదివినవారికి ఇవి తెరచియుండును. ఇంజనీరింగులో జీవసాంకేతిక శాస్త్రము వంటి ఒకటి రెండు శాఖలు తప్ప తక్కినవి మూసికొనును. ఔషధశాస్త్రము ఉభయులకును లభించును. వైద్యమునకు దేశమంతటికి ఒకటే అయిన నీట్ పరీక్ష; ఇంజనీరింగునకు, వ్యవసాయశాస్త్రమునకు రాష్ట్రపు ప్రవేశపరీక్ష. కనుక పదవ తరగతి పిమ్మట దరఖాస్తు కాగితముపై వేయు ఒక్క గుర్తు రెండేండ్ల తరువాత ఏ గుమ్మము ముందు నిలువవలెనో నిర్ణయించును. ఆ గుర్తు వేయుటకు ముందు ఈ నాలుగు వాక్యములు బిడ్డకు చదివి వినిపింపవలెను.

రెండవది పాలిటెక్నిక్ డిప్లొమా. పదవ తరగతి చదువుతోనే పాలిసెట్ వ్రాసి చేరవచ్చును, మూడేండ్ల చదువు. సిరిసిల్లలోను కోరుట్లలోను ప్రభుత్వ పాలిటెక్నిక్ కళాశాలలు కలవు. చేతిపనియందు ఆసక్తిగల బిడ్డకు ఇది చక్కని త్రోవ. డిప్లొమా తరువాత చదువు ఆగిపోవునన్న భయము వలదు. ఈసెట్ పరీక్షలో నెగ్గినవారు ఇంజనీరింగు రెండవ సంవత్సరమున నేరుగా చేరవచ్చును. వ్యవసాయములో రెండేండ్ల డిప్లొమా వేరుగా కలదు. పొలాసలో అట్టి వ్యవసాయ పాలిటెక్నిక్ ఉన్నది. త్వరగా పనిలో చేరవలసిన బిడ్డలకు పారిశ్రామిక శిక్షణ సంస్థలును, వృత్తివిద్యా ఇంటర్మీడియటు తరగతులును ఉన్నవి. ఇవి చదువురానివారి చదువులని చులకన చేయుట తగదు. సాంచా ఆగిన రాత్రి ఆసామి వెదకునది విద్యుత్తు పని తెలిసిన చేతినే.

ఒక తరము క్రిందట విజ్ఞానశాస్త్రమున పెద్దచదువు కోరిన ఈ ప్రాంతపు బిడ్డ హైదరాబాదునకో వరంగల్లునకో పోవలసి వచ్చెడిది. నేడు స్థితి మారినది. పొలాసలో వ్యవసాయ కళాశాల ఉన్నది. సిరిసిల్లలో మరొకటి ఉన్నది. రెండును ఆచార్య జయశంకర్ పేరిట నెలకొన్న వ్యవసాయ విశ్వవిద్యాలయమునకు చెందినవి. కోరుట్లలో పశువైద్య కళాశాల ఉన్నది, అది పి.వి. నరసింహారావు పేరిటి పశువైద్య విశ్వవిద్యాలయమునకు చెందినది. జవహర్‌లాల్ నెహ్రూ సాంకేతిక విశ్వవిద్యాలయము 2007లో జగిత్యాల చేరువ కొండగట్టు దాపున నాచుపల్లిలోను, 2021లో సిరిసిల్లలోను ఇంజనీరింగు కళాశాలలను ప్రారంభించినది. జగిత్యాలలో 2022లోను, సిరిసిల్లలో 2023లోను ప్రభుత్వ వైద్య కళాశాలలు తెరువబడినవి. ఈ మూడు పట్టణముల నడుమ ప్రయాణము ఒక పూట బస్సు ప్రయాణమే.

ఈ కళాశాలలలో ప్రవేశము మన ఊరివారికే అని గాని, సులభమని గాని నేను చెప్పుట లేదు. ప్రవేశపరీక్షలో స్థానమును బట్టియే అది దొరకును. కాని చూచుటకు ప్రవేశపరీక్ష లేదు గదా! ఉపాధ్యాయులు ముందుగా అనుమతి పొంది, తొమ్మిదవ, పదవ తరగతుల విద్యార్థులను పొలాస మడులకు, కోరుట్ల పశువైద్య కళాశాలకు ఒక దినము తీసికొని పోవచ్చును. పశువైద్యుడు చేయు పనిని కన్నులార చూచిన బాలిక, తనకది కావలెనో వలదో ఒక్క గంటలో తెలిసికొనును. చూడనివారు పేరు విని మోహపడుదురు. పేరు విని భయపడుదురు.

ఇప్పుడు నా మనసునకు అన్నిటికన్న ముఖ్యమైన విషయము. శాఖ ఏదైనను, ప్రయోగశాల లేని విజ్ఞానవిద్య నీరు లేని ఈతవంటిది. చిరకాలము ఇంటర్మీడియటులో ప్రయోగపరీక్ష రెండవ సంవత్సరాంతమున, ఒక్కొక్క శాస్త్రమునకు 30 మార్కులతో జరుగుచు వచ్చినది. ఆ మార్కులు ఎట్లైనను వచ్చునను ధీమాతో రెండేండ్లు ప్రయోగశాల తలుపు తీయని చోట్లు కలవు. ప్రవేశపరీక్షల ప్రశ్నపత్రములు తెల్లవారు మొదలు రాత్రివరకు చేయించుటయే విద్య అనుకొను చోట్లును కలవు. ఆ విధముగా చదివిన విద్యార్థికి నాలుగు సమాధానములలో ఒకదానిని గుర్తించుట వచ్చును. పరీక్షనాళిక పట్టుట రాదు. ఒకవేళ స్థానము రాకపోయినచో, రెండేండ్ల శ్రమకు చేతిలో మిగులునది ఏమియు ఉండదు. ప్రయోగము చేసి నేర్చినవానికి స్థానము తప్పినను విద్య మిగులును.

కనుక తల్లిదండ్రులకు ఒక విన్నపము. కళాశాలలో చేర్పించుటకు పోయినపుడు గోడపై అతికించిన స్థానముల పట్టికను చూచుటతో తృప్తిపడక, "మీ ప్రయోగశాలను చూపింపుడు" అని అడుగుడు. వారమునకు ఎన్ని గంటలు అందు గడపుదురో అడుగుడు. సీసాలపై దుమ్ము చూచిన చాలును. సమాధానము అదియే చెప్పును. అడుగుట మీ హక్కు. అడుగువారు పదిమంది అయినచో దుమ్ము దానంతట అదియే తొలగును.

భాషను గూర్చి ఒక మాట. 2022-23 విద్యా సంవత్సరము నుండి ప్రభుత్వ పాఠశాలలలో ఆంగ్ల మాధ్యమము ప్రవేశించినది. ఒక పుటలో ఆంగ్లము, ఎదుటి పుటలో తెలుగు గల పుస్తకములు వచ్చినవి. ఆ ఎదుటి పుటను చదువకుండ విడువవద్దు. ఫోటోసింథసిస్ అను మాటను వందసార్లు వ్రాసినను బోధపడనిది, కిరణజన్య సంయోగక్రియ అని ఒక్కసారి విడదీసి చదివినచో, వెలుతురు కిరణము వలన పదార్థములు కూడుట అని తెలియును. ఒకనాడు ఉర్దూలో, పిదప తెలుగులో, ఇపుడు ఆంగ్లములో మన పిల్లలు శాస్త్రమును చదువుచున్నారు. పరీక్ష ఏ భాషలో వ్రాసినను, ముందు అర్థము కావలసినది తమ భాషలోనే.

పాఠశాలలో ఉన్నపుడే చేయదగినది మరొకటి కలదు. కేంద్ర ప్రభుత్వపు ఇన్‌స్పైర్-మనక్ పథకము క్రింద విద్యార్థుల నూతన భావములను పాఠశాలలు పంపవచ్చును. ఎంపికైన భావమునకు నమూనా చేయుటకై 10,000 రూపాయలు లభించును. కండెలు చుట్టు తల్లి నడుమునొప్పి తగ్గించు పీట, పసుపు ఉడుకబెట్టుటలో కట్టెలు పొదుపుచేయు పొయ్యి, ఇట్టి ఆలోచనలు మన ఇండ్లలోనే పుట్టగలవు. బిడ్డ శాస్త్రబుద్ధి ఎటు మొగ్గుచున్నదో తెలిసికొనుటకు ఇంతకన్న మంచి పరీక్ష లేదు.

చివరకు ఆడపిల్లల సంగతి. దూరమను మాట చెప్పి వారి చదువును కుదించుట ఇంతకాలము జరిగినది. కళాశాలలు దూరమున ఉన్న రోజులలో ఆ మాటకు కొంత బలముండెను. నేడు వ్యవసాయము పొలాసలో, పశువైద్యము కోరుట్లలో, వైద్యము, ఇంజనీరింగు జగిత్యాల, సిరిసిల్లలలో ఉన్నపుడు ఆ మాటకు బలము లేదు. నాట్లు వేయునది స్త్రీ. పాలు పితుకునది స్త్రీ. కండెలు చుట్టునది స్త్రీ. ఆ పనుల వెనుకనున్న శాస్త్రమును చదువుటకు మాత్రము ఆమె తగదనుట న్యాయము కాదు.

ఫలితములు వచ్చిన నాటి సాయంకాలము ఇంటిలో కూర్చుండి నాలుగు ప్రశ్నలు వేసికొనుడు. బిడ్డకు ఏ పాఠము ఇష్టము? ఆ శాఖ ఏ తలుపులు మూయును? చేరబోవు చోట ప్రయోగశాల తెరచియున్నదా? అనుకొన్న స్థానము రాకపోయినచో ఆ చదువుతో మరేమి చేయవచ్చును? ఈ నాలుగింటికి బిడ్డ నోటినుండి సమాధానము వినుడు. వినిన పిమ్మట మీ సలహా చెప్పుడు. ఆ క్రమము తప్పకుండినచో, ఎం.పి.సి. అయినను, బై.పి.సి. అయినను, డిప్లొమా అయినను, మీ బిడ్డ దానిని తన దారిగా నడచును.

సెలవు.